చిన్న చెక్కల పెద్ద దూలం

ఉత్తర తెలంగాణ పల్లెల్లో పాత ఇంటి గట్టితనాన్ని దాని దూలాన్ని చూసి లెక్కగట్టేవారు. కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాల గడీలలోనూ, నడుమ ఆకాశం కనిపించే భవంతి ఇళ్లలోనూ మట్టిగోడల మీదనో గుంజల మీదనో అడ్డంగా వేసిన టేకు దూలాలు, వాటి మీద దగ్గర దగ్గరగా పేర్చిన దంతెలు, కప్పు వాలు వెంట దిగే వాసాలు, ఆపైన గూనపెంకలు ఉండేవి. రెండు దూలాల నడుమ జాగాకు అంకణమని పేరు పెట్టి, ఇల్లు ఎంతదని అడిగితే ఇన్ని అంకణాలని చెప్పే అలవాటు తెలుగువారిలో నిలిచిపోయిందంటే, ఇంటి కొలత చెట్టు కొలతకు ఎంతగా కట్టుబడి ఉండేదో తెలుస్తుంది. మానులో వంకర లేని భాగం ఎంత పొడవుంటే గది అంత వెడల్పు. మాను ఎంత లావుంటే అది మోసే బరువు అంత.

అలాంటి దూలాన్ని ఇవ్వగల టేకు చెట్టు అడవిలో తయారు కావడానికి అరవై, ఎనభై ఏళ్లు పడుతుంది, నేల మంచిది కాకపోతే ఇంకా ఎక్కువ పడుతుంది. గోదావరి, ప్రాణహిత, పెన్‌గంగల నడుమ ఉన్న ఆదిలాబాద్ అడవులు టేకుకు సహజ స్థానాలు. టేకుతో పాటు నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, వెదురు కూడా అక్కడ పెరుగుతాయి. కాజీపేట నుంచి బల్లార్షా వెళ్లే రైలు మార్గం ఈ అడవుల అంచున సాగడంతో మంచిర్యాల, ఆసిఫాబాద్ రోడ్, సిర్పూర్ కాగజ్‌నగర్ స్టేషన్లు కలపకు దారులయ్యాయి. ఆ అడవిలో కొంత భాగం, అంటే కవ్వాల్ ప్రాంతం, 2012లో పులుల అభయారణ్యమైంది. అక్కడ నూరేళ్ల మాను ఇప్పుడు పులికి నీడ, వాగుకు ఊట, గోండు, కొలాం గూడేలకు బతుకు తోడు. దాన్ని ఒక గది కప్పు కోసం పడగొట్టడం ఏ లెక్కన చూసినా నష్టమే. అయితే ఇల్లు కట్టుకునే మనిషికి కలప అవసరం తీరిపోలేదు. పెద్ద మాను కొట్టకుండా పెద్ద దూలం సంపాదించే ఉపాయం ఉన్నదా అనే ప్రశ్నకు నూరేళ్లకు పైగా వాడుకలో ఉన్న జవాబే ఈ అధ్యాయానికి విషయం.

ఆ జవాబు వినడానికి చాలా తేలిక. సన్నని పలకలను బాగా ఆరబెట్టి, చిత్రిక పట్టి నున్నగా చేసి, నార అంతా ఒకే దిక్కున ఉండేలా ఒకదాని మీద ఒకటి పేర్చి, నడుమ జిగురు పూసి, బరువైన ఒత్తిడి కింద బిగించి ఉంచితే అవన్నీ కలిసి ఒకే దూలంగా మారతాయి. ఇలా చేసిన కలపను ప్రపంచమంతటా గ్లూలామ్ అనే పొట్టిపేరుతో పిలుస్తారు. ఇక్కడ దాన్ని పొరదూలం అందాం. ప్లైవుడ్‌కూ దీనికీ ఉన్న తేడాను మొదటే గుర్తించాలి. ప్లైవుడ్‌లో కాగితంలా చీల్చిన పొరలను ఒకదాని నార నిలువుగా, మరొకదాని నార అడ్డంగా పెట్టి అంటిస్తారు కాబట్టి అది రెండు దిక్కులా సమానంగా నిలిచే రేకు అవుతుంది. పొరదూలంలో నార అంతా పొడవు వెంటే సాగుతుంది కాబట్టి అది బరువు మోసే కడ్డీ అవుతుంది.

అతుకంటే బలహీనతేనని అనుకోవడం అందరికీ అలవాటు. అతుకుల బొంత అనే మాటలోనే ఆ చిన్నచూపు ఉంది. వడ్రంగికి ఈ అనుమానం అనుభవం వల్ల కలిగింది. పశువుల తోళ్లు, ఎముకలు ఉడికించి తీసే సరేసును వేడివేడిగా పూస్తే చెక్కలు బాగానే అంటుకునేవి గానీ, వానాకాలపు చెమ్మకు అది మెత్తబడి అతుకు విడిచేది. అందుకే పాతకాలపు పనివాడు జిగురును నమ్మకుండా, ఒక కర్రకు నాలుకలా కుసి చెక్కి, రెండో కర్రకు తొలిచిన బెజ్జంలో దింపి, పైనుంచి చీల కొట్టి బిగించేవాడు. అయినప్పటికీ చిన్న ముక్కల నుంచి పెద్ద బలం పుట్టించే విద్య అతనికి తెలియనిది కాదు. ఎడ్లబండి చక్రాన్ని ఏ ఒక్క చెట్టూ గుండ్రంగా పెంచి ఇవ్వలేదు. నడిమి కుండ, దానిలోంచి బయలుదేరే ఆకులు, చుట్టూ వంపుగా చెక్కిన పూటీలు, ఆపైన వేడిచేసి ఎక్కించిన ఇనుప పట్టా కలిసి, ఏ ముక్క నార ఏ దిక్కున ఉండాలో ఆ దిక్కున ఉండడం వల్ల, టన్ను బరువును గుంతల దారిలో మోసేవి. నిర్మల్‌లో నకాషీ పనివారు తేలికైన పొనికి కర్ర ముక్కలను విడివిడిగా చెక్కి, చింతగింజల పిండిని రంపపు పొట్టుతో కలిపిన ముద్దతో అతికి, అతుకు కనిపించకుండా రంగులు వేసి బొమ్మగా నిలబెడతారు. పొరదూలంలో ఉన్నది ఈ రెండు విద్యల కలయికే: చక్రంలోని నార క్రమం, బొమ్మలోని అంటు. కొత్తగా చేరింది ఏమిటంటే నీటికి లొంగని జిగురు, ఆ జిగురును నమ్మడానికి కావలసిన కొలతలు.

పొర వెనుక లెక్క

రెండు గోడల మీద ఆనించిన దూలం మీద బరువు పడితే అది నడుమ కొద్దిగా కుంగుతుంది. అలా కుంగినప్పుడు దాని పైముఖం కుదించుకుపోతుంది, కిందిముఖం సాగుతుంది. అంటే పైభాగంలో నొక్కుడు, కిందిభాగంలో లాగుడు ఉంటాయి. ఈ రెంటికీ సరిగ్గా నడుమ నొక్కుడూ లాగుడూ లేని ఒక గీత ఉంటుంది, అక్కడి కలప వంపును ఆపే పనిలో దాదాపు పాలుపంచుకోదు. దూలంలో ఉన్న పదార్థమంతా సమానంగా కష్టపడడం లేదన్న ఈ సంగతి ముందు ముందు బాగా పనికివస్తుంది.

ఒక లావు పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని వంచితే అది తేలికగా వంగుతుంది, అప్పుడు అంచుల్లో పుటలు ఒకదాని మీద ఒకటి జారడం కంటికి కనిపిస్తుంది. ఆ పుటలన్నింటినీ జిగురుతో అంటించి ఆరనిచ్చి వంచబోతే పుస్తకం చెక్కలా మొండికేస్తుంది. కాగితం అంతే, మందం అంతే. మారినది జారుడు ఒక్కటే. పలకల విషయంలో దీన్ని లెక్కగానే చెప్పవచ్చు. దూలం బరువు మోసే శక్తి దాని లోతు వర్గాన్ని బట్టీ, కుంగకుండా నిలిచే బిరుసు దాని లోతు ఘనాన్ని బట్టీ పెరుగుతాయి. ఒకే మందం ఉన్న నాలుగు పలకలను ఊరికే ఒకదాని మీద ఒకటి పెడితే శక్తి నాలుగు పలకలదే, బిరుసూ నాలుగు పలకలదే. వాటినే అంటించి ఒక్కటి చేస్తే శక్తి పదహారు, బిరుసు అరవై నాలుగు. అంటే విడిగా ఉన్నప్పటి కంటే నాలుగు రెట్లు బలం, పదహారు రెట్లు బిరుసు. పది పలకలైతే పది రెట్లు బలం, నూరు రెట్లు బిరుసు. పలకల నడుమ ఉన్న పలుచని జిగురు పొర చేసే పనంతా ఆ జారుడును ఆపడమే, కాబట్టి ఆ పొర ఎక్కడ విడిచినా ఈ లెక్కంతా ఒక్కసారిగా వెనక్కి పోతుంది.

ఇంతవరకు చూస్తే పొరదూలం ఒకే మానులోంచి కోసిన దూలంతో సమానమవుతుందే తప్ప దాన్ని మించకూడదు. కానీ మించుతుంది, అందుకు కారణం కలప స్వభావంలో ఉంది. కలప అంటే పొడవు వెంట సాగే సన్నని గొట్టాల వంటి కణాల కట్ట. ఆ గొట్టాల పొడవు వెంట లాగితే కలప చూపే బలం, అడ్డంగా లాగినప్పటి బలానికి ఇరవై, ముప్పై రెట్లు ఉంటుంది. కొమ్మ పుట్టిన చోట మానులో ముడి ఏర్పడుతుంది, అక్కడ నార దారి తప్పి ముడి చుట్టూ తిరుగుతుంది. దూలం అడుగున, లాగుడు ఎక్కువ ఉన్న చోట, అటువంటి ముడి ఒక్కటి పడితే దూలమంతా ఆ ముడి బలంతోనే తూగుతుంది. పెద్ద దూలం లోపల ఏ ముడి ఎక్కడ దాగి ఉన్నదో పైకి కనిపించదు, పరీక్షించి చూడడానికి దాన్ని విరవలేము.

పలకలుగా కోసినప్పుడు ఈ చిక్కు విడిపోతుంది. పలక సన్నగా ఉంటుంది కాబట్టి లోపలి లోపం బయటపడుతుంది. చెడ్డ ముడి ఉన్న ముక్కను కోసి పారేయవచ్చు, మంచి పలకను మంచి చోట పెట్టవచ్చు. అయినా కొన్ని ముడులు మిగులుతాయి. ఉదాహరణకు ఒక పలకలో ఒకానొక చోట చెడ్డ ముడి పడే అవకాశం పదింట ఒకటి అనుకుంటే, మూడు వేర్వేరు పలకల్లో సరిగ్గా ఒకదాని కింద ఒకటిగా మూడు ముడులూ అదే చోట పడే అవకాశం వెయ్యింట ఒకటి. ఒక పలకలోని బలహీనతను పైపలక, కిందిపలక మోస్తాయి. అందువల్ల పొరదూలాల బలం ఒకదానికొకటి దగ్గరగా ఉంటుంది, అడవి దూలాల బలం మాత్రం ఒకటి గొప్పగా, మరొకటి ప్రమాదకరంగా ఉండవచ్చు. ఇంజనీరు తన లెక్కల్లో సగటు బలాన్ని నమ్మడు, అన్నింటికంటే బలహీనమైన దూలాన్ని దృష్టిలో పెట్టుకుంటాడు కాబట్టి, ఈ సమానత్వమే అతనికి పెద్ద లాభం.

దూలం నడిమిభాగం వంపును ఆపే పనిలో దాదాపు పాలుపంచుకోదని పైన చూశాం. అందువల్ల గట్టి పలకలను పైన, కింద పెట్టి నడుమ తక్కువ రకం కలపను వాడవచ్చు. చేవకలిగిన టేకు పలకలు రెండు అంచులకూ, తెల్లచెక్క ఎక్కువగా ఉన్న లేత టేకు నడిమికీ సరిపోతాయి. ఒకే మానులోంచి కోసిన దూలంలో ఈ పొదుపుకు వీలు లేదు.

పొడవు సంగతి మిగిలింది. పలక మూడు మీటర్లే ఉంటే పది మీటర్ల దూలం ఎలా వస్తుంది? రెండు పలకల కొనలను మొండిగా ఆనించి అంటిస్తే ఆ అతుకు నిలవదు, ఎందుకంటే గొట్టాల మూతుల్లోకి జిగురు పీల్చుకుపోతుంది, అంటుకునే జాగా కూడా చాలదు. అందుకని రెండు కొనలకూ చేతివేళ్ల వంటి సన్నని పళ్లు కోసి, ఒక చేతి వేళ్లలోకి మరో చేతి వేళ్లు దూర్చినట్టు బిగిస్తారు. ఏటవాలుగా సాగే ఆ పళ్ల పక్కముఖాలు కలిస్తే అంటుకునే వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది, బలం కూడా దాదాపు నార వెంటే ఒక పలక నుంచి మరో పలకకు పోతుంది. దీన్ని వేళ్ల అతుకు అంటారు. పక్కపక్క పలకల్లో ఈ అతుకులు ఒకే చోట పడకుండా చూడటం గోడ కట్టేటప్పుడు ఇటుకల సందులు కలవకుండా చూడటం వంటిదే.

చెమ్మ, జిగురు

పొరదూలం పని అంతా చెమ్మ మీద ఆధారపడి ఉన్నదని చెప్పినా తప్పులేదు. పచ్చి కర్రలో నీరు రెండు తీరుల్లో ఉంటుంది: గొట్టాల ఖాళీల్లో నిండి ఉండే నీరు ఒకటి, గొట్టాల గోడల్లోకి ఇంకిన నీరు మరొకటి. కర్ర ఆరేటప్పుడు ఖాళీల్లోని నీరు ముందు పోతుంది, అప్పుడు బరువు తగ్గుతుందే తప్ప కొలత మారదు. ఎండిన కలప బరువులో నీరు 28 నుంచి 30 శాతానికి దిగాక గోడల్లోని నీరు పోవడం మొదలవుతుంది, అక్కడి నుంచే కర్ర కుదించుకుపోతుంది, వంకర తిరుగుతుంది, బీటలు వారుతుంది. పైగా ఈ కుదింపు అన్ని దిక్కులా ఒకేలా ఉండదు. పొడవు వెంట దాదాపు ఉండదు. మాను గుండె నుంచి బెరడు వైపు ఒక తీరుగా ఉంటే, వయసు వలయాల వెంట దానికి సుమారు రెట్టింపు ఉంటుంది. లావు దూలాల్లో పొడుగాటి బీటలు పడేది ఈ తేడా వల్లనే. అంత లావు కర్ర గుండెలోని చెమ్మ ఏళ్లు గడిచినా పూర్తిగా ఆరదు, కానీ 25 నుంచి 40 మిల్లీమీటర్ల పలక ఆరుబట్టీలో కొద్ది రోజుల నుంచి కొద్ది వారాల్లో ఆరిపోతుంది.

ఉత్తర తెలంగాణ వాతావరణం ఈ విషయంలో కఠినమైన పరీక్ష పెడుతుంది. ఎండాకాలంలో రామగుండం, ఆదిలాబాద్‌లలో వేడి 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి, గాలిలో తేమ ఇరవై శాతం దాకా పడిపోతుంది. ఆ గాలిలో సన్నని కర్ర నాలుగైదు శాతం చెమ్మ దాకా ఎండగలదు. రెండు నెలలు తిరగకముందే వానలు మొదలై గాలి తేమతో నిండితే అదే కర్ర పదహారు, పదిహేడు శాతం దాకా చెమ్మ పీల్చగలదు. 300 మిల్లీమీటర్ల వెడల్పున్న టేకు పలక ఈ మార్పుకు పూర్తిగా లొంగితే ఐదారు మిల్లీమీటర్లు ఉబ్బి తగ్గగలదు. వానాకాలంలో తలుపు గడపకు పట్టేయడం, ఎండాకాలంలో దర్వాజ సందులు విడవడం ఈ లెక్కకు ఇంటింటా కనిపించే సాక్ష్యాలు. పొరదూలంలో పలకలన్నీ సుమారు ఒకే చెమ్మతో, అంటే 12 శాతం దరిదాపుల్లో, ఉన్నప్పుడే అంటించాలి. ఒక పలక తడిగా, పక్క పలక పొడిగా ఉంటే అంటిన తర్వాత ఒకటి కుదించుకోజూస్తుంది, మరొకటి కుదించుకోనివ్వదు, ఆ పెనుగులాట అంతా జిగురు గీత మీద పడుతుంది. ఈ ప్రాంతం వంటి ఎండావానల చోట పలకను 20, 25 మిల్లీమీటర్లకు పలుచన చేయడం మేలు, ఎందుకంటే పలుచని పలక తన ఉబ్బును తేలికగా పొరుగు పలకతో సర్దుకుంటుంది.

జిగురు చేసే పనిలో రెండు భాగాలున్నాయి. తడిగా ఉన్నప్పుడు అది కలప ఉపరితలంలో తెరిచి ఉన్న కణాల్లోకి కొద్దిమేర చొరబడి, గట్టిపడ్డాక వేళ్లూనినట్టు పట్టుకుంటుంది. దానితో పాటు జిగురు అణువులకూ, కణాల గోడల్లోని సెల్యులోజు అణువులకూ మధ్య దగ్గరి ఆకర్షణ ఏర్పడుతుంది. ఈ ఆకర్షణ అణువులంత దగ్గరలోనే పనిచేస్తుంది కాబట్టి దుమ్ము, నూనె, మొద్దు రంపం నలిపిన పీచు మధ్యలో ఉంటే పనిచేయదు. చిత్రిక పట్టిన గంటల్లోనే పలకకు జిగురు పూయాలనే నియమం ఇందుకే పుట్టింది. టేకు ఇక్కడ ప్రత్యేకమైన చిక్కు తెస్తుంది. చెదలను దూరంగా ఉంచే నూనెవంటి పదార్థాలు, టెక్టోక్వినోన్ వంటివి, దాని చేవలో ఉన్నాయి. అవి ఉపరితలానికి చేరి జిగురును కూడా దూరంగా ఉంచుతాయి. టేకును చెదల నుంచి కాపాడే గుణమే దాన్ని అంటించడానికి అడ్డం వస్తుంది కాబట్టి, టేకు పలకలను అప్పటికప్పుడు చిత్రిక పట్టి, అవసరమైతే ద్రావకంతో తుడిచి, వెంటనే అంటించాలి.

ఇక ఏ జిగురు అనే ప్రశ్న. బల్లలకూ అలమారాలకూ వడ్రంగులు వాడే పాలవంటి తెల్లజిగురు గదిలో బాగానే పట్టుకుంటుంది, కానీ అది వేడికి మెత్తబడే జాతి. రేకుల కప్పు కింద అరవై డిగ్రీల వేడిలో ఏళ్ల తరబడి బరువు మోస్తే అది కొద్దికొద్దిగా జారిపోతుంది. దూలాలకు ఒకసారి గట్టిపడితే మళ్లీ వేడికి కరగని, నీటికి నానని జిగుర్లే కావాలి: ముదురు గోధుమరంగులో ఉండే ఫినాల్-రిసార్సినాల్ జిగురు, లేత రంగు మెలమిన్ జిగురు, కలపలోని, గాలిలోని తేమతో గట్టిపడే పాలియురేథేన్ జిగురు. అతుకు మంచిదో కాదో తేల్చే పరీక్ష వినడానికి విచిత్రంగా ఉంటుంది. అతుకు దగ్గర కోతబలంతో ముక్కను విరిచి చూస్తారు. జిగురు గీత వెంట విడిపోతే అది పనికిరాదు, గీత పక్కన కలపే చిరిగితే పనికివస్తుంది. మంచి అతుకు అంటే చెక్క కంటే ముందు విరగనిది. ఇంకో పరీక్షలో ముక్కను నీటిలో ముంచి, గాలి తీసేసి, మళ్లీ ఒత్తిడి పెట్టి లోతుగా నానబెట్టి, వేడిగాలిలో వేగంగా ఎండబెట్టి, జిగురు గీతలు ఎంత మేర నోరు తెరిచాయో కొలుస్తారు. పదేళ్ల ఎండావానలను కొద్ది రోజుల్లో చూపించే ప్రయత్నమిది.

ఈ విద్య పుట్టిన తీరు

పలకలను చేర్చి వంపు కమానులు కట్టే ఆలోచన ఫ్రాన్సులో ఫిలిబెర్ డెలోర్మ్ 1561లో అచ్చువేసిన పుస్తకంలోనే ఉంది, అయితే అతను జిగురును నమ్మలేదు, చీలలనే నమ్మాడు. జిగురుతో దూలం చేసి దానికి హక్కుపత్రం పొందినవాడు జర్మనీలోని వైమార్ పట్టణపు వడ్రంగి మేస్త్రీ ఒట్టో హెట్జర్. వంపు తిరిగిన పొరదూలానికి అతనికి 1906లో పేటెంటు దక్కింది. ఆ రోజుల్లో వాడినది పాలలోని ప్రోటీను నుంచి తీసే కేసీన్ జిగురు. 1910లో బ్రస్సెల్స్ ప్రదర్శనలో జర్మన్ రైల్వేల మంటపానికి ఈ పద్ధతిలో 43 మీటర్ల వెడల్పు కప్పు వేశారు. స్వీడన్‌లో మాల్మో, స్టాక్‌హోమ్ రైల్వే స్టేషన్ల పొరదూలపు కప్పులు 1920లలో లేచాయి, ఆవిరి ఇంజన్ల పొగ ఇనుమును తినేసే చోట అవి నిలిచాయి. అమెరికాలో విస్కాన్సిన్ రాష్ట్రపు పెష్టిగో ఊరి బడి వ్యాయామశాల 1934లో ఈ దూలాలతోనే కట్టారు, అదే ఏడు మాడిసన్‌లోని అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల తన ఆవరణలో ఒక భవనాన్ని కట్టి పరీక్షలు మొదలుపెట్టింది. అయితే కేసీన్ జిగురు చెమ్మకు లొంగుతుంది కాబట్టి పొరదూలం చాలాకాలం గోడల లోపలే ఉండిపోయింది; 1940లలో ఫినాల్-రిసార్సినాల్ జిగురు రావడంతో అది వానలోకి, వంతెనల మీదికి రాగలిగింది. నార్వేలో 2019లో పూర్తయిన మ్యోస్‌టోర్నెట్ అనే 18 అంతస్తుల భవనం 85 మీటర్ల పైచిలుకు ఎత్తున పొరదూలాల చట్రం మీదే నిలబడి ఉంది.

మన దేశంలో దారి మరోలా సాగింది. అడవుల నరికివేత మీద ఆందోళనతో కేంద్ర ప్రజాపనుల శాఖ 1993లో తన కట్టడాల్లో కలప వాడకాన్ని ఆపేసింది, 2020లో ఆ నిషేధాన్ని ఎత్తేసింది. ఆ మధ్యకాలంలో దర్వాజలు సిమెంటువి, కిటికీలు అల్యూమినియంవి అయ్యాయి, పట్టణాల్లో వడ్రంగి పని బల్లలకూ అలమారాలకూ కుదించుకుపోయింది. అడవిని కాపాడాలన్న కోరిక మంచిదే, కానీ కలప వాడకాన్నే నేరంగా చూడటం వల్ల పొలాల్లో చెట్లు పెంచేవారికి గిరాకీ తగ్గి, కర్ర పని తెలిసిన చేతులు చెదిరిపోయాయని చెప్పక తప్పదు. జాతీయ భవన నిర్మాణ నియమావళిలో మాత్రం జిగురుతో అంటించిన దూలాలకూ, వేళ్ల అతుకులకూ చోటు ఉంది. కాబట్టి ఇక్కడ కొరత నియమాలది కాదు, అలవాటుది.

ఈ నేల మీద

ఈ ప్రాంతంలో పొరదూలానికి ముడిసరుకుగా మొదట గుర్తుకు రావలసినది పలుచన కర్ర. టేకు తోటలో మొక్కలు మొదట ఒత్తుగా నాటి, చెట్లు పెరిగే కొద్దీ మధ్యమధ్యన కొన్నింటిని తీసేస్తూ మిగిలిన వాటికి వెలుతురు, జాగా కల్పిస్తారు. అలా తీసిన సన్నని టేకు గుంజలకూ, వాసాలకూ, కంచెకూ పోతుంది. గత కొన్ని దశాబ్దాల్లో రైతులు పొలాల గట్ల మీద, కొందరు పొలమంతా నాటిన టేకు కూడా పదిహేను, ఇరవై ఏళ్లకు కోతకొస్తే అందులో చేవ తక్కువ, తెల్లచెక్క ఎక్కువ. ఇటువంటి లేత టేకు బలంలో ముదురు టేకుకు మరీ తీసిపోదని కేరళలో జరిగిన పరిశోధనలు చూపాయి. తీసిపోయేది చెదలను తట్టుకునే శక్తిలో. పెద్ద దూలానికి పనికిరాని ఆ సన్న కర్రను పలకలుగా కోసి అంటిస్తే ఇంటి కప్పును మోయగలదు.

రెండోది నీలగిరి. సిర్పూర్ కాగజ్‌నగర్‌లోని కాగితపు మిల్లు వంటి కొనుగోలుదార్ల వల్ల నీలగిరి, సుబాబుల్ సాగు తెలుగు రైతులకు పరిచితమైంది. నీలగిరి గట్టి కర్రే గానీ దాని మానులో పెరుగుతున్నప్పుడే బిగువులు నిలవ ఉంటాయి, కోసిన వెంటనే కొనలు చీలిపోతాయి, ఆరేటప్పుడు బాగా కుదించుకుపోతుంది. లావు దూలంగా కోస్తే అది వంకరటింకరగా మారుతుంది, సన్నని పలకలుగా కోసి నెమ్మదిగా ఆరబెట్టి చీలిన కొనలు తీసేస్తే చాలా మేరకు దారికి వస్తుంది. చెట్టును కాగితానికి బదులు దూలంగా మార్చడంలో ఇంకో లాభం ఉంది. ఎండిన కలప బరువులో సుమారు సగం కర్బనమే, అది చెట్టు గాలి నుంచి తీసుకున్నది. ఒక ఘనమీటరు టేకు పొరదూలంలో దాదాపు ఒక టన్ను బొగ్గుపులుసు వాయువుకు సమానమైన కర్బనం బంధించి ఉంటుంది. కాగితమైన చెట్టులోని కర్బనం కొద్ది ఏళ్లలో పొయ్యిలోనో చెత్తలోనో గాలికి తిరిగిపోతుంది, దూలమైన చెట్టులోనిది ఇల్లు నిలిచినంతకాలం నిలుస్తుంది.

చెదలు ఈ ప్రాంతపు కలపకు మొదటి శత్రువు. లేత టేకుకూ, నీలగిరి తెల్లచెక్కకూ బోరాక్సు, బోరిక్ ఆమ్లం కలిపిన నీటిని పట్టించడం ఇంటి లోపలి దూలాలకు తగిన రక్షణ. అయితే మందు పట్టించి, మళ్లీ ఆరబెట్టి, మళ్లీ చిత్రిక పట్టిన తరువాతే జిగురు పూయాలి, లేకుంటే అతుకు మీద నమ్మకం ఉండదు. అంతకంటే పాత రక్షణ ఒకటి ఉంది: గుంజను మట్టిలో పాతకుండా రాతి దిమ్మ మీద నిలబెట్టడం. గ్రానైటు క్వారీలకు పేరుపడ్డ కరీంనగర్ జిల్లాలో దిమ్మకు రాయి వెతుక్కోనక్కరలేదు. చూరు బాగా ముందుకు వచ్చి వాన గోడను తాకకుండా ఉండటం, దూలం కొనలు గోడలో మూసుకుపోకుండా గాలి ఆడేలా ఉండటం కూడా అంతే ముఖ్యం. పాత ఇళ్ల మేస్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు.

నిప్పు విషయంలో భయం సహజమే. వెదురు తడిక, గడ్డికప్పు నిమిషాల్లో అంటుకుంటాయి, ఎందుకంటే సన్నని పదార్థానికి చుట్టూ గాలి తగులుతుంది. లావు దూలం తీరు వేరు. దాని పైపొర కాలి బొగ్గవుతుంది, ఆ బొగ్గు వేడిని లోపలికి పోనీయదు, కాలుడు నిమిషానికి అర మిల్లీమీటరు నుంచి ముప్పాతిక మిల్లీమీటరు లోపు లోతుకు మాత్రమే సాగుతుంది. అరగంట మంటలో ఒక్కో ముఖాన సుమారు 20 మిల్లీమీటర్లు పోతాయని లెక్కగట్టి, అంత మేర ఎక్కువ మందం పెట్టి దూలం చేస్తారు. ఉక్కు కడ్డీ కాలదు గానీ 550 డిగ్రీల దరిదాపుల్లో దాని బలం సగానికి పడిపోయి ఒక్కసారిగా వంగిపోతుంది. కర్ర ముందుగా హెచ్చరిస్తుందన్న సంగతి సింగరేణి బొగ్గు గనుల్లో పనిచేసిన వారికి మరో రకంగా తెలుసు: పైకప్పు బరువు మీదపడుతున్నప్పుడు కర్ర దిమ్మె విరగడానికి ముందు చిటపటమని శబ్దం చేసి పారిపోయే వ్యవధి ఇచ్చేది.

ఇంత చెప్పినా, చలిదేశాల మాదిరి గోడ నుంచి కప్పు దాకా అంతా కర్రతో కట్టే ఇల్లు ఈ ప్రాంతానికి తగినది కాదు. ఇక్కడి ఎండకు లావైన మట్టిగోడ, రాతిగోడ చేసే మేలు కర్రగోడ చేయదు. పగటి వేడిని పట్టి ఉంచి రాత్రికి వదిలే గుణం బరువైన గోడకే ఉంది. పొరదూలానికి తగిన చోటు కప్పు. ఆరేడు మీటర్ల వెడల్పున్న బడి గది, అంగన్‌వాడీ, పంచాయతీ వరండా, గూడెంలోని సభాశాల వంటి చోట్ల నడుమ గుంజ లేకుండా పెంకల కప్పు మోయడానికి అది సరిగ్గా సరిపోతుంది. నిర్మల్, జగిత్యాల, మంచిర్యాల పట్టణాల్లో కోత మిల్లులున్నాయి, కర్ర చూడగానే దాని గుణం చెప్పగల వడ్ల కుటుంబాలున్నాయి. లేనివి ఆరుబట్టీ, చెమ్మ కొలిచే పరికరం, బిగింపు ప్రెస్సు, పరీక్షించే అలవాటు. బెంగళూరులోని కలప శాస్త్ర సంస్థకూ, సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాలకూ ఆ అలవాటు నేర్పగల శక్తి ఉంది.

ఒక హద్దు మాత్రం ముందే గీయాలి. పొరదూలానికి గిరాకీ పెరిగితే ఆ పేరుతో అడవి మానును పలకలుగా కోసి అమ్మడం ఇప్పటికంటే తేలికవుతుంది, ఎందుకంటే అంటించిన దూలంలో ఏ పలక ఏ చెట్టుదో గుర్తుపట్టడం కష్టం. తోట కర్రకూ రైతు కర్రకూ మాత్రమే మిల్లులో చోటివ్వాలి, తోటల పలుచన కర్ర మీద వచ్చే ఆదాయంలో ఆ చుట్టూ ఉన్న గూడేలకు వాటా ఉండాలి. ఈ షరతులతో ఆదిలాబాద్ జిల్లాలో ఒక బడికి, కరీంనగర్ జిల్లాలో ఒక బడికి స్థానిక టేకు పలుచన కర్రతో పొరదూలాల కప్పు వేసి, ఐదు వానాకాలాలు వాటి జిగురు గీతలను కొలిచి చూడాలని అటవీ శాఖనూ, పంచాయతీలనూ, కర్ర పని నేర్పే ఐటీఐలనూ కోరవలసి ఉంది.